అంకణాల స్థలపురాణం

తిరుపతిలో పురాణం లేని గుండురాయి కూడా లేదు. కపిలతీర్థానికి ఒక కథ ఉంది, తాతయ్యగుంట గంగమ్మకు ఒక కథ ఉంది, తిరుచానూరు పద్మసరోవరానికి బంగారు తామరతో సహా ఒక కథ ఉంది. ఏ పాపమూ ఎరుగని శివారు కాలనీలకు మాత్రం ఆధార్ కార్డులో చిరునామా తప్ప చరిత్రంటూ లేదు. ఇది ఘోరమైన అన్యాయం. నెలనెలా ఈఎంఐ కట్టే గృహస్థుకు తన ఇల్లు ఏ క్షేత్రం మీద లేచిందో తెలుసుకునే హక్కు లేదా? ఆ లోటు తీర్చడానికే ఈ స్థలపురాణం. కాలనీ పేరు చెప్పడం లేదు. రేణిగుంట రోడ్డు మొదలు చంద్రగిరి రోడ్డు దాకా, కరకంబాడి వైపు నుంచి తిరుచానూరు వైపు దాకా ఎవరి కాలనీ పేరు వాళ్లు పెట్టుకుని చదువుకోవచ్చు. ఫలశ్రుతి రాయలేదు. ఫలం ఎలాగూ నవంబరులో గడప దాకా వచ్చి అందుతుంది.

ముందుగా నామమహిమ. కొర్లగుంట, తాతయ్యగుంట, మల్లంగుంట, తుమ్మలగుంట, రేణిగుంట. తెలంగాణలో గుంట అంటే నేల కొలత, 121 చదరపు గజాలు, ఎకరాకు నలభై. మన వైపు గుంట అంటే వాననీళ్లు నిలిచే చోటు. పేర్లు పెట్టిన పెద్దోళ్లు కళ్లకు కనబడిందే పెట్టి పోయారు. మనకేమో అది అమ్మవారి పేరులాగా, తాతల పేరులాగా వినిపిస్తుంది. స్థలం చూడబోయిన ఏ అనుమానప్పక్షో ఈ మాట ఎత్తితే బ్రోకరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"పేరేమో గుంట అంటా ఉండారే?"

"రేణిగుంటలో ఇమానాలు దిగతా ఉండాయి కదా సార్. ఆడ గుంట ఉండాదా?"

ఈ తర్కానికి ఎదురు చెప్పగల పండితుడు సంస్కృత విశ్వవిద్యాలయంలో కూడా దొరకడు. అడ్వాన్సు ఆ సాయంత్రమే చేతులు మారుతుంది.

ఇక ప్రాచీన యుగం. ఇప్పుడు శివారు లెక్కలో వేసుకున్న తిరుచానూరే ఒకప్పుడు అసలు ఊరు. కొండమీది స్వామికి వచ్చిన కానుకలను, దానాలను తిరుచానూరు సభ చూసుకునేదని పాత శాసనాల్లో ఉంది. తిరుపతి పట్నం తర్వాతెప్పుడో, 12వ శతాబ్దంలో, రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించాక గుడి చుట్టూ వీధులుగా పెరిగింది. 1130 ఫిబ్రవరి 24 దాని పుట్టినరోజని 2022 నుంచి వేడుకలు కూడా చేస్తున్నాం. అంటే వరస ప్రకారం శివారు అమ్మమ్మ, పట్నం మనవరాలు. మనవరాలు పెద్దదై అమ్మమ్మను ఔటర్ అంటోంది.

విజయనగర కాలానికి వస్తే మన పూర్వీకుల వ్యాపార జ్ఞానం ఎంత తక్కువో బయటపడుతుంది. రాజులు, రాణులు, ఆచార్యులు, వర్తకులు స్వామికి డబ్బు ఇచ్చేవారు. ఆ డబ్బు శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో చేరేది. శ్రీభండారం వాళ్లు దాంతో దేవస్థానం ఊళ్లలో చెరువులు తవ్వించి, కాలువలు తీయించేవాళ్లు. నీళ్లు పారి పెరిగిన పంటలో వచ్చిన అదనపు రాబడితో ఇచ్చినవాళ్ల పేరిట తిరుప్పోనకం అనే అన్నప్రసాదం, అప్పాలు, అతిరసాలు నైవేద్యం పెట్టేవాళ్లు. 15, 16వ శతాబ్దాల శాసనాల నిండా ఇదే తంతు. చేతిలో నగదు ఉంది, చుట్టూ ఖాళీ నేల ఉంది, ఒక్కడికంటే ఒక్కడికి వెంచర్ వేయాలన్న ఆలోచన రాలేదు. గుంతలు తవ్వి నీళ్లు పోశారు.

అదైనా ఒకటో రెండో తవ్వి ఊరుకున్నారా అంటే, లేదు. శేషాచలం కొండ నుంచి స్వర్ణముఖి దాకా నేల వాలు చూసుకుని మెట్లుమెట్లుగా గొలుసు కట్టారు. పై చెరువు నిండితే మొరవ (అలుగు) పోతుంది, ఆ మొరవ నీళ్లు కాలువ పట్టి కింది గుంటకు చేరతాయి, అది నిండితే దాని కిందిదానికి. అన్నీ నిండాక మిగిలింది ఏటికి. తూము తీసేదీ మూసేదీ నీరుగంటి. కట్ట మీద తాటిచెట్టు, కట్ట కింద గంగమ్మ. ఒక అయిదెకరాల గుంటను తీసుకోండి. మన కొలతలో అది 6,050 అంకణాలు. అంత స్థలంలో నీళ్లు పైసా అద్దె కట్టకుండా వందల ఏళ్లు కాపురం చేశాయి. ఇంటి పన్ను లేదు, కుళాయి పన్ను లేదు.

అంకణం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి, లేకపోతే మిగతా పురాణం అర్థం కాదు. ఇంట్లో రెండు దూలాల నడుమ జాగాను అంకణం అనేవాళ్లు. తిరుపతిలో అది 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. నెల్లూరు నుంచి వచ్చినాయన ఫోనులో అంకణం రేటు విని చవకని పరిగెత్తుకొచ్చి, టేపు పట్టాక బెంచీ మీద కూలబడిపోవడం మా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర టీకొట్లకు మామూలు దృశ్యం. సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1,210. ముప్పై నలభై సైటు అంటే 1,200 చదరపు అడుగులు, 33 అంకణాల మీద మూడో వంతు. ఆ మూడో వంతు మాటల్లో 34 అవుతుంది, పునాది తీసేటప్పుడు 32 అవుతుంది.

మధ్య యుగం గబగబా దాటేద్దాం, అందులో మనకు పనికొచ్చేది తక్కువ. 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల పాలన, 1933లో దేవస్థానం కమిటీ. 1886లో మునిసిపాలిటీ, 1891లో రైలు, 1944లో ఘాట్ రోడ్డు, 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఇవన్నీ జనాన్ని తెచ్చాయి. 1980ల మొదట్లో పట్టణాభివృద్ధి సంస్థ తుడా వచ్చింది, 2007లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఇప్పుడు గ్రేటర్ మాట వినిపిస్తోంది. పట్నం ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా చుట్టూ ఉన్న పల్లెల్లో సెంటు రేటు రెండు మెట్లు ఎక్కింది.

ఈ వరసలో చాలామంది మరిచిపోయే సంవత్సరం 1984. ఆ ఏడాది కరణాలూ మునసబులూ పోయారు. కరణం పుణ్యపురుషుడని ఎవరూ అనరు. కానీ ఆయన మోసం చేయాలన్నా కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో తెలిసుండాలి. ఆయన పోయాక కాలువ ఎక్కడుందో తెలియకుండానే మోసం చేసే సౌకర్యం కలిగింది. కాలువ అడంగల్ అనే ఊరి భూముల రిజిస్టరులో మిగిలింది, ఎఫ్‌ఎంబీ అనే సర్వే కొలతల పటంలో రెండు గీతలుగా మిగిలింది. పటం బీరువాలో ఉంది. నీరుగంటి కొడుకు గరుడ సర్కిల్ దగ్గర ఆటో తోలుతున్నాడు.

ఇక్కణ్నుంచి కథ రసవత్తరం. గుంటను కాలనీగా మార్చడం గునపంతో అయ్యే పని కాదు. నీళ్లకు మెల్లగా హోదా తగ్గించుకుంటూ రావాలి. నిబంధనలు ఏమంటున్నాయో చూడండి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే నిండుమట్టం నుంచి 30 మీటర్ల లోపల ఇల్లు కట్టకూడదు. అంతకు చిన్నదైతే 9 మీటర్లు. వాగూ కాలువా అయితే 9 మీటర్లు. మురుగు కాలువ అయితే 2 మీటర్లు చాలు. ఇది చదివిన చదువుకున్నవాడికి ఏం చేయాలో ఇంకొకరు చెప్పాలా? చెరువును కుంట అనాలి. వాగును మురుగు కాలువ అనాలి. ఒక్క మాట మారిస్తే ఒక్కో గట్టున ఏడు మీటర్లు మిగులుతుంది. నూరడుగుల పొడవున లెక్కేస్తే గట్టుకు 63 అంకణాల పైచిలుకు, రెండు గట్లకూ కలిపి నాలుగు ప్లాట్లకు కాస్త తక్కువ. తెలుగు భాషకు అంకణాల్లో ఇంత విలువ ఉందని మన భాషోద్యమకారులకు కూడా తెలియదు.

వాగును మురుగు కాలువ అన్నంత మాత్రాన సరిపోదు, మురుగు కలపాలి. ఎగువ కాలనీ వాళ్లు ఆ సాయం చేసి పెడతారు. ఒకసారి కంపు మొదలైతే జనమే వచ్చి మూసేయమంటారు. మూయడమంటే ఇలా: పటంలో ఇరవై అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న వాగు, అంటే 80 చదరపు అడుగుల నీటిదారి. దాని మీదుగా రోడ్డు వేయాలి కనుక రెండడుగుల హ్యూమ్ పైపు, అంటే సిమెంటు గొట్టం, ఒకటి పరుస్తారు. పైపు నోరు 3.14 చదరపు అడుగులు. ఇరవై అయిదో వంతు. ఏడాదిలో సగం ఇసుక, కొబ్బరి బోండాలు, పాల కవర్లు చేరి యాభయ్యో వంతు అవుతుంది. వాగులో వచ్చే నీళ్లు మాత్రం పాత లెక్కనే వస్తాయి. వాటికి ఈ మార్పుల గురించి ఎవరూ చెప్పలేదు.

పై కాలువ ఆగిందా, గుంట రెండు మూడేళ్లలో ఎండుతుంది. ఎండిన గుంటలో మొదటి ఏడు ఎవరో వేరుశనగ వేస్తారు. తర్వాత కంచె. ఆ తర్వాత గట్టున వేపచెట్టు కింద ఒక రాయికి పసుపు పూసి కుంకం పెడతారు. గంగమ్మ జాతరలో మన వాళ్లు రోజుకో వేషం కడతారు కదా: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. గుంట కూడా అదే పద్ధతిలో పోతుంది. ముందు బైరాగిలాగా ఎండి బూడిద రంగు తేలుతుంది. తర్వాత పక్క ఊళ్ల చెత్త మోసి తోటి అవుతుంది. తర్వాత ఎర్రమట్టి పూసుకుని, సున్నం గీతలు పెట్టుకుని, తోరణాలు కట్టుకుని దొర వేషంలో నిలబడుతుంది. జాతరలో దొరను చూసి జనం దండం పెడతారు. ఇక్కడ అడ్వాన్సు ఇస్తారు. జాతరలో వేషం తీసేశాక లోపలి మనిషి కనబడతాడు, ఇక్కడ అందుకు ఒక మంచి వాన కావాలి.

ఎర్రమట్టి తోలే వైభవం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎకరాను మూడడుగులు లేపాలంటే 1,30,680 ఘనపుటడుగుల మట్టి. ఆరు చక్రాల టిప్పరు మూడు యూనిట్లు, అంటే మూడు వందల ఘనపుటడుగులు మోస్తుందనుకుంటే 435 ట్రిప్పులు. పద్ధతిగా చేస్తే తొమ్మిది అంగుళాలు పరచాలి, నీళ్లు కొట్టాలి, రోలర్ తిప్పాలి, మళ్లీ తొమ్మిది అంగుళాలు. అలా చేస్తే నెల పడుతుంది, నెలలో ఎవరో ఒకరు ఫోటో తీస్తారు. అందుకని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం ఆఫీసులు తెరిచేలోగా మూడడుగులూ ఒకేసారి కుమ్మరిస్తారు. పైన ఒకసారి పొక్లెయిన్ చెయిన్ తిరిగితే చాలు, బల్లపరుపుగా కనిపిస్తుంది. లోపల మట్టి అటుకుల మూటలాగా ఉంటుంది. తడిస్తే కుంగుతుంది.

లేఅవుట్ గణితం చిన్న పిల్లలకు కూడా బోధించదగింది. నలభై అడుగుల లోతున్న ప్లాట్లు వీపులు ఆనించి వేస్తే రెండు వరసలకు 80 అడుగులు. ముందు 33 అడుగుల రోడ్డు వదిలి, పది శాతం ఖాళీ స్థలం కూడా వదిలితే ఎకరాకు అమ్ముకోగలిగేది సుమారు 770 అంకణాలు, అడ్డరోడ్లు లెక్కలో వేయకుండానే. రోడ్డును ఇరవై అడుగులు చేసి, ఖాళీ స్థలాన్ని బ్రోచరులో మాత్రమే వదిలితే 968. తేడా దాదాపు 198 అంకణాలు, ఎకరాకు ఆరు ప్లాట్లకు కొంచెం తక్కువ. ఆ ఆరు ప్లాట్లలోనే ఫైరింజను తిరగాల్సిన మలుపు ఉంది, చెత్త బండి వెనక్కి తీసుకోవాల్సిన జాగా ఉంది, వాననీళ్లు ఇంకాల్సిన పార్కు ఉంది. పార్కు చోటును గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి రాసివ్వాలి. రాసిస్తారు కూడా, కాకపోతే అయిదేళ్ల తర్వాత అదే చోట మీకు బాగా తెలిసిన పాలకేంద్రం, దాని పైన రెండంతస్తులు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

కొనేవాడు అమాయకుడని అనుకుంటే అతన్ని అవమానించినట్టే. ఈసీ తీస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, లాయరు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటాడు, 22ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వెతుకుతాడు. డీకేటీ భూమా అని అడుగుతాడు, ఎందుకంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొనకూడదని 1977 చట్టం చెప్పింది. సిద్ధాంతిని పిలిపిస్తాడు. ఈ మొత్తం పరిశోధనలో అతను ఎఫ్‌ఎంబీ పటం తీసి, ఈ నంబరుకు ఎగువన ఏముంది, దిగువన ఏముంది, ఈ రెండు గీతలు ఎక్కడికి పోతున్నాయి అని మాత్రం అడగడు. మంచి వాన పడిన మర్నాడు వచ్చి గమ్‌బూట్లతో స్థలం చుట్టూ తిరగడు. స్థలం చూసేది ఎప్పుడూ ఏప్రిల్, మే నెలల్లో, ఆదివారం, ఏసీ కారు అద్దంలోంచి. ఏప్రిల్‌లో స్వర్ణముఖి కూడా క్రికెట్ మైదానమే.

సిద్ధాంతి గారు ఒక మంచి మాట చెబుతారు: ఈశాన్యం పల్లంగా ఉండాలి, అక్కడ నీళ్లుంటే ఇంటికి శుభం. తిరుపతికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాస్తు, వాతావరణం ఇంత చక్కగా కలిసిన ఊరు ఇంకోటి లేదు.

పునాది దగ్గర మేస్త్రీ మాట వేదం. "అయిదడుగులు చాలు సార్, పక్కోళ్లందరూ అంతే తీసినారు." మూడడుగుల దాకా తోలిన మట్టి, ఆ కింద రెండడుగులు గుంట అడుగున పేరుకున్న బంక. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలు విడుస్తుంది. గట్టి నేల తగిలేదాకా పోవాలంటే ఇంకో నాలుగడుగులు, ఇంకో లారీ కంకర. ఆ డబ్బుతో ముందు గేటుకు స్టీలు పువ్వులు వస్తాయి. మొదటి నవంబరు గడిచి మొదటి మే వచ్చేసరికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా, సరిగ్గా నలభై అయిదు డిగ్రీల కోణంలో ఒక గీత బయలుదేరుతుంది. ఇంటావిడ దాని మీద క్యాలెండర్ తగిలిస్తుంది. రెండో ఏడు గీత క్యాలెండర్ దాటుతుంది. అప్పుడు పెయింటరు పుట్టీ పూస్తాడు. గీత మనసు చిన్నబుచ్చుకుని పక్క గదిలోకి పోతుంది.

వేసవిలో కాలనీకి దాహం. కల్యాణి డ్యాం 1977 నాటిది, తర్వాత తెలుగుగంగ నీళ్లు కూడా వచ్చాయి. అయినా చివరి వీధికి పైపు ఇంకా రాలేదు, బోరు వేస్తే రాతిపొడి వస్తుంది. అందుకని ట్యాంకరు. ఇక్కడ ఒక లెక్క అప్రస్తుతమైనా చెప్పి తీరాలి. ఎకరా నేల మీద ఒక్క అంగుళం వాన పడితే లక్షా రెండు వేల లీటర్ల పైచిలుకు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. అదే వాన ముప్పై నలభై డాబా మీద పడితే 2,800 లీటర్ల పైచిలుకు. గుంట ఉన్న రోజుల్లో ఇదంతా నేలలోకి దిగి చుట్టుపక్కల బావుల్లోకి ఊరేది. ఇప్పుడు డాబా మీది నీళ్లను పైపుతో వీధిలోకి వదులుతారు, వీధిలోంచి పక్కింట్లోకి పోతాయి, మే నెలలో ఇద్దరూ ఒకే ట్యాంకరు కోసం కొట్లాడుకుంటారు. ఇంకుడు గుంత తవ్వమని ఎవరైనా అంటే కాలనీ అసోసియేషన్ కార్యదర్శి నవ్వుతాడు. ఇన్ని తంటాలు పడి గుంటను పూడ్చింది మళ్లీ గుంత తవ్వుకోవడానికా?

2021 నవంబరులో నీళ్లు పాత అడంగల్ తెచ్చుకుని వచ్చాయి. కొండ మీద కుండపోత, స్వర్ణముఖి నిండుగా. తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున ఉన్న ఇల్లు ఏట్లోకి ఒరిగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించి ఇసుక మూటలు వేశారు. తిరుపతి చుట్టూ ఎన్నో కాలనీల్లో జనం పడవల్లో తిరిగారు. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే వస్తాయి. పంచమీ తీర్థానికి జనం పుష్కరిణి దాకా పోతారు. ఆ ఏడు తీర్థమే చాలామంది ఇళ్లలోకి వచ్చింది, మంచం కోళ్ల దాకా.

అదే నెలలో శ్రీకృష్ణానగర్‌లో ఒక వింత జరిగింది. నేలలో పాతిన సిమెంటు ఒరల సంపును శుభ్రం చేస్తుండగా, అది మనిషి ఎత్తుకు మించి నేలలోంచి పైకి లేచి నిలబడింది. ఊరంతా వచ్చి చూసింది, సెల్ఫీలు దిగింది, దేవుడి మహిమేమో అని దండాలు కూడా పడ్డాయి. మహిమ ఏమీ లేదు. నేల పూర్తిగా నీళ్లతో నానిపోతే సంపు గొయ్యిలో ఉన్నట్టు కాదు, చెరువులో పెట్టిన ఖాళీ డ్రమ్ములాగా ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, పదిహేనడుగుల లోతు సంపు ఒకటి ఉందనుకోండి. అది పక్కకు నెట్టే నీళ్ల బరువు అయిదు టన్నుల పైన. లోపల నీళ్లున్నంతసేపు బరువుకు బరువు సరి. కడగడానికి ఖాళీ చేస్తే అయిదు టన్నుల తోపుడు కింది నుంచి మొదలవుతుంది. నానిన మట్టికి ఒరలను పట్టుకునే బిగువు ఉండదు. అందుకే వానల్లో సంపు ఖాళీ చేయకూడదు, నింపి ఉంచాలి. కడగాలంటే చుట్టూ నేల ఆరాక, జనవరిలో కడగాలి. ఈ ముక్క బ్రోచరులో స్విమ్మింగ్ పూల్ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో వేస్తే బాగుండేది.

నీళ్లు తగ్గగానే క్రమబద్ధీకరణ. ప్రభుత్వాలు వేరైనా ఈ విషయంలో వాళ్ల మనసు ఒకటే. అనుమతి లేని కట్టడాలకు 2008 ప్రాంతంలో ఒక పథకం, 2015లో ఒకటి, 2019లో ఇంకోటి. లేఅవుట్లకు 2020లో మళ్లీ ఒకటి. పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాడు స్థలం విలువలో 14 శాతం కట్టాలని అప్పుడు అన్నారు. వదలనివాడు కట్టక్కర్లేదు, అతను ఇంకో వెంచర్‌లో బిజీ. అక్రమం చేసినవాడు ఒకడు, రుసుం కట్టేవాడు ఇంకొకడు, నీళ్లు వచ్చేది మూడోవాడి ఇంట్లోకి. 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి చెరువు పూడ్చి ఇళ్లు కట్టుకుంటే క్రమబద్ధీకరించకూడదు, తీసేయాలి అని గట్టిగానే చెప్పింది. అది పంజాబ్‌లో ఒక ఊరి చెరువు సంగతి. పంజాబ్ చెరువు వేరు, మన గుంట వేరు. మన దాంట్లో నీళ్లు కూడా లేవాయె, అదీ ఏప్రిల్‌లో.

కాబట్టి తప్పు ఎవరిదో చట్టప్రకారం తేల్చాలి. అనుభవ హక్కు సంపాదించాలంటే ప్రైవేటు స్థలంలో 12 ఏళ్లు, ప్రభుత్వ స్థలంలో 30 ఏళ్లు, బహిరంగంగా, ఎడతెగకుండా స్వాధీనంలో ఉండాలి. నీళ్లు బహిరంగంగానే వస్తాయి, కాదనలేం. ఎడతెగకుండా మాత్రం రావు. పదేళ్లలో ఆరేడేళ్లు కరువు పేరు చెప్పి అజాపజా లేకుండా పోతాయి. పోయిన కాలానికి హాజరు వేయలేం కదా. అదే మన కాలనీవాసులను చూడండి, వరదలో కూడా డాబా మీద కూర్చుని స్వాధీనం వదల్లేదు. ఈ కారణాల చేత నీళ్లే ఆక్రమణదారులని తీర్మానించి, ఏడు రోజుల గడువుతో నోటీసు జారీ చేయాలని ఈ వ్యాసం కోరుతోంది. నోటీసు అంటించడానికి గోడ కావాలి. కట్ట ఉంటే కట్టకు అంటించేవాళ్లం. కట్ట మట్టి కూడా 435 ట్రిప్పుల్లో కలిసిపోయింది కనుక, హ్యూమ్ పైపు నోటికి అంటిస్తే సరి. నీళ్లు ఎలాగూ అక్కడే ఆగి చదువుకుంటాయి.

నోటీసు పని చేసేలోగా కాలనీ తన జాగ్రత్తలో తాను ఉంది. వరద వచ్చిన ప్రతిసారీ రోడ్డు లేపుతున్నారు. పాత సిమెంటు రోడ్డు తవ్వడానికి బిల్లు రాదు, కొత్తది వేయడానికి వస్తుంది. అందుకని పాతదాని మీదే ఆరంగుళాలు పోస్తారు. మూడుసార్లు పోస్తే అడుగున్నర. కొత్తగా కట్టేవాడు రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు లేపి కడతాడు. వాడి పక్కవాడు వాడి కంటే అరడుగు ఎత్తు. ప్రతి ఇల్లూ తన నీళ్లను ముందు తరం ఇంటికి వారసత్వంగా అప్పగిస్తుంది.

ఈ కాలనీలో మొట్టమొదట ఇల్లు కట్టిన రిటైర్డ్ మాస్టారు లాంటివాడు ఏ కాలనీలోనైనా ఒకరుంటారు. కరెంటు స్తంభం లేనప్పుడు, పాములు తిరిగేటప్పుడు వచ్చి కాపురం పెట్టిన ఆదిపురుషుడు. గేటు పక్కన గోడ మీద నల్లరాతి పలకలో గృహప్రవేశం తేదీ చెక్కించి ఉంటుంది, ఇప్పుడు అందులో కింది వరస రోడ్డు మట్టానికి దిగిపోయింది. ఆ రోజుల్లో వాకిలి ముందు మూడు మెట్లు కట్టించుకున్నాడు, రోడ్డు మీంచి ఇంట్లోకి ఎక్కడానికి. మెట్లు ఇప్పటికీ మూడే, వాటి మీద ఎర్రమొజాయిక్ కూడా చెదరలేదు. కాకపోతే రోడ్డు మీంచి అటు పక్కన కొత్తగా ఇంకో రెండు మెట్లు కట్టించాడు, కిందికి దిగడానికి. అక్టోబరు రాగానే ఆ రెంటి మధ్య గచ్చులో నీళ్లు నిలుస్తాయి, రెండో వానకు కప్పలు వస్తాయి, మనవరాలు కాగితం పడవ వదులుతుంది. పోయిన ఏడు కార్పొరేషన్ వాళ్లు కొత్త బోర్డు పాతుతూ వీధి పేరేమిటని అడిగితే అసోసియేషన్ వాళ్లు ఏదో నగర్ అని చెప్పారు. మాస్టారు గేటు పట్టుకుని నిలబడి, పాత పేరే ఉంచండి నాయనా, పోస్టుమ్యానుకు అదే అలవాటు అన్నాడు.